పుణ్యం అనకు బాబూ

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలో, సుపేలా దగ్గర ఎక్కిన ఆటో క్యాంప్ 2 బస్తీ దాటాక చెడిపోయింది. రోడ్డు పక్క వేపచెట్ల నీడలో నిలబడ్డాను. చెట్లకు ఆవల మిగిలిన కాస్త గడ్డినేలలో ఒక పెద్దాయన వంగి వేపమొలకలు పీకుతున్నాడు. ఫోన్లో నా తెలుగు విని పలకరించాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి ఉక్కు కర్మాగారంలోనే పనిచేసి రిటైరయ్యాడట.

“ఈ చెట్లు నాటినవాళ్ళకు ఎంత పుణ్యమో!” అన్నాను.

“నాటినోడ్ని నేనే. పున్నెం అనకు బాబూ,” అన్నాడు. “ఇదంతా మోకాలెత్తు గడ్డి. బేకార్ జమీన్, పనికిరాని నేల అనుకున్నాం. నీడ పడీసరికి గడ్డి సచ్చిపోనాది. ఆ గడ్డిలో నేలమీద గుడ్లెట్టే పిట్టలుండేవి. కొమ్మల మీంచి కాకులు సూసి గుడ్లు తినీసినాయి. ఇప్పుడు పిట్టా నేదు, దాని కూతా నేదు.”

ఆయన ఒక మొక్కను వేరు తెగకుండా తీసి, తడి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“సంపడానికి మనసొప్పదు. మీ ఊర్లో గడ్డి లేనికాడ నాటు.”

ఇంటికొచ్చి పెరట్లో గునపం ఎత్తాను. దించే ముందు, మొదటిసారి, మోకాళ్ళ మీద కూర్చుని నేలను చూశాను.