బొమ్మ రాని మధ్యాహ్నం

నా చెయ్యి పడి బాగుపడిన యంత్రం ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. అయినా ఒక పెద్దావిడ నెలల తరబడి దాచుకున్న ఆశను, చుట్టాలందరి ఎదుట, స్క్రూడ్రైవర్ చేతబట్టి నేను మట్టిపాలు చేసిన వైనం వింటే, మీరు నన్ను టార్చిలైటులో బ్యాటరీలు వేయడానికి కూడా పిలవరు.

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. కడప నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, ఖాజాగూడలో లక్ష్మమ్మ గారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆమె భర్త అంజయ్య నన్ను ‘కడప పోరడా’ అని పిలిచేవాడు. మంచి మనిషి. చూస్తుండగానే జబ్బుపడి పోయాడు. పోకముందు మేనల్లుడి పెళ్లిలో బ్యాండు ముందు ఎగిరి ఎగిరి ఆడాడట. ఆ పెళ్లి సీడీ చెంగులో చుట్టుకుని లక్ష్మమ్మ నా దగ్గరికొచ్చింది.

“ఫోటోల ఆయన కట్టె లెక్క నిలవడ్డడు కొడుకా. కదిలేటి మనిషిని ఒక్కసారి సూపియ్యి, సాలు.”

బుద్ధున్నవాడైతే అప్పుడే సీడీ వేసేవాడు. నాకు చదవేస్తే ఉన్న మతి పోయింది కదా!

“ఇట్లొద్దు పెద్దమ్మా. నా కంప్యూటర్లో బొమ్మ ఆగి ఆగి వస్తాది. గ్రాఫిక్స్ కార్డని ఒకటి ఏస్తా. సినిమా హాలు మాదిరి ఆడతాది. సంవత్సరీకం నాడు అందరికీ చూపిద్దాం.”

సికింద్రాబాద్ వెళ్లి కార్డు తెచ్చాను. అది నా మదర్‌బోర్డులో ఏ గాడిలోనూ దిగలేదు. తిరిగి తీసుకెళితే షాపతను తల పట్టుకున్నాడు.

“నీ బోర్డుల ఏ స్లాట్ ఉన్నదో సూడకుండ కొంటవా అన్నా? కాలు సూడకుండ చెప్పులు కొన్నట్టున్నది!”

ఈసారి సరైనదే తెచ్చాను. తెచ్చినవాణ్ణి గుట్టుగా బిగించి చూసుకోవచ్చుగా? ఉహూఁ. అందరి ముందూ విప్పి బిగిస్తేనే నా ఘనత తెలుస్తుంది!

సంవత్సరీకం భోజనాలయ్యాక చుట్టాలంతా నా గదిలో కిక్కిరిశారు. లక్ష్మమ్మ ముందు వరసలో కూర్చుంది. కార్డు గాడిలో చక్కగా దిగింది. స్విచ్ వేశాను. తెర నల్లగా ఉంది. సీడీ పెట్టాను. దానంతటదే పాడే ఏర్పాటుంది కాబట్టి స్పీకర్లలో బ్యాండు మేళం దద్దరిల్లింది. తెర మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“ఏంది, కరెంటు పోయిందా?” అన్నాడొక ముసలాయన.

“కరెంటు పోతే బ్యాండెట్ల మోగుతది మామా?” అన్నారెవరో వెనక నుంచి.

నేను మానిటర్ నెత్తి మీద కొడుతున్నాను. ఇంతలో మేళంలోంచి ఒక ఈల వినబడింది.

“ఆగు కొడుకా, ముట్టకు!” లక్ష్మమ్మ కళ్లు మూసుకుంది. “గదే ఆయన ఈల. ఇగ తువ్వాల తీసి నెత్తికి చుడతడు... ఇగ రెండు చేతులు లేపుతడు... సూడు, సూడు, ఎట్ల ఆడుతుండో!”

అందరూ ఆ నల్లటి తెరనే చూస్తూ ఏడ్చారు. నేను మానిటర్ మీంచి చెయ్యి తీసి తల దించుకున్నాను. సిగ్గో, దుఃఖమో ఇప్పటికీ చెప్పలేను.

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ డబ్బా వెనక్కి తిప్పి చూద్దును కదా, మానిటర్ కేబుల్ పాత కన్నంలోనే ఉంది! కొత్త కార్డు పెడితే పాత కన్నం పనిచెయ్యదు. ఏనుగును దూర్చి తోకను మర్చిపోయాను. కేబుల్ మార్చగానే బొమ్మ కళకళలాడుతూ వచ్చింది. ఎగిరి గంతేసి, ఆమెను పిలిచే ముందు ఒకసారి చూద్దామని మొదటికి తిప్పాను.

బ్యాండు వచ్చింది. ఈల వచ్చింది. వేసినవాడు ఎర్రచొక్కా కుర్రాడు. ఆ తర్వాత కెమెరా వాడు పెళ్లికూతురి నగలు చూపించాడు, బంతిలో వడ్డిస్తున్న గారెలు చూపించాడు. చివరిదాకా చూశాను. అంజయ్య ఎక్కడా లేడు. ఆడినంతసేపూ ఆడిన మనిషిని, ఆ కెమెరా వాడు ఒక్కసారీ చూపించలేదు. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

వాకిట్లో అడుగుల చప్పుడైంది.

“ఏం కొడుకా, బాగైందా?”

చటుక్కున కేబుల్ పీకి పాత కన్నంలోనే గుచ్చాను.

“లేదు పెద్దమ్మా. కార్డు కాలిపోయింది.”

“పోనీ తియ్యి. పరేషాన్ గాకు. నేనైతే కండ్లార సూసిన.”

ఆ సాయంత్రం స్క్రూడ్రైవర్ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: సాక్షాత్తూ బ్రహ్మదేవుడొచ్చి బతిమాలినా సరే, ఇక ఎవరికీ కంప్యూటర్ బాగుచెయ్యను. తప్పనిసరై చెయ్యాల్సి వచ్చినా, ఎదురుగా కూర్చున్న మనిషికి అప్పటికే బొమ్మ కనబడుతోందేమో కనుక్కోనిదే కేబుల్ ముట్టను.