సజ్జ మీది నాలుగో భాగం

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, బటన్ల ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకుని తిరిగిన రోజుల్లో, సూర్యాపేటలో మేముండే సందులో పొద్దున నల్లా దగ్గర ఎవరూ ఎవరినీ "ఏం కూర?" అని అడిగేవారు కాదు. "ఎందాక వచ్చింది?" అని అడిగేవారు. కొత్తవాళ్లకు ఇది ఇంట్లో నడుస్తున్న పెళ్లి సంబంధం గురించేమో అనిపించేది. కాదు, చేతిలో ఉన్న నవల గురించి. ఇప్పుడు మా మిర్యాలగూడ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రస్తుతం ఎవరెవరు ఏ పుస్తకం చదువుతున్నారు?" అని అడిగితే, అందరూ పుస్తకం అట్ట ఫోటో పెడుతున్నారు, పక్కన కాఫీ కప్పుతో సహా. (నేనూ ఒకటి పెట్టాను. అందులో కాఫీ తాగిన మాట నిజం.) ఎవరూ ఎవరినీ ఎందాక వచ్చిందని మాత్రం అడగరు. అది చూసినప్పుడల్లా నాకు అప్పటి మా ఇంటి ఓనరత్త, ఆమె కత్తిపీట గుర్తొస్తాయి.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది వేములపల్లి పక్కన. డిగ్రీ అయిందనిపించి, సూర్యాపేటలో బోరు మోటార్లు అమ్మే దుకాణంలో చేరాను. పొద్దున్నే తిరుమలగిరి బస్సో మోతె బస్సో ఎక్కి, రైతు బోరు దగ్గరికి పోయి, కాలిపోయిన మోటారును చూసి తల అడ్డంగా ఊపి రావడం నా ఉద్యోగం. తల ఊపడం తొందరగానే వచ్చింది గానీ గది మాత్రం దొరకలేదు. పెళ్లి కానివాడనగానే తలుపులు మూసుకునేవి. ఓనరత్త కూడా మూయబోయింది. ఇంతలో నా చంకలో న్యూస్‌పేపరు అట్ట వేసి ఉన్న మోటార్ల క్యాటలాగు ఆమె కంట పడింది. "పుస్తకాలు సదువుతవా?" అంది. "జర తీరిక దొరికిందంటే గదే పని అత్తా" అన్నాను. (క్యాటలాగులో ఏ పేజీలో ఏ పంపు ఉందో నాకు కంఠతా వచ్చు, కాబట్టి ఇది పూర్తి అబద్ధం కాదు.) తాళంచెవి నా చేతిలో పడింది.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాత పేపర్ల దుకాణంలో తూకానికి అమ్మే లావుపాటి నవలల్ని, చాలావరకు అట్టలు ఊడిపోయినవాటినే, కొనుక్కొచ్చేది. తెచ్చి ముందు చేసే పని, కత్తిపీట ముందేసుకుని పుస్తకం వెన్ను కోసి నాలుగు ముక్కలు చేయడం. ఒక్కో ముక్కను గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో గట్టిగా కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసి, పైన పెద్దగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకె వేసేది. "పుస్తకమంత ఒక్కలే పట్టుకొని కూసుంటే మిగిలినోల్లు గోళ్లు గిల్లుకోవాల్నా?" అనేది. నిజమే. ఆమె మొదటి భాగం ముగించగానే అది గోడవతలి ఇంట్లో ఉండే, కోదాడ నుంచి వచ్చిన కోదాడక్కకు, అక్కణ్నుంచి వెనక పోర్షన్‌లో ఉండే కండక్టర్ మామకు చేరేది. అసలు ఆలస్యమంతా మామ దగ్గరే. ఆయన డ్యూటీలో బస్సు స్టాండులో ఆగినప్పుడే చదివేవాడు. బస్సు లేటయితే ప్రయాణికులు తిట్టేవారు, బస్సు టయానికి బయల్దేరితే మా సందు తిట్టేది.

ఓనరత్తకూ కోదాడక్కకూ మధ్య నేను వచ్చేటప్పటికే మాటల్లేవు. అంతకుముందు ఇద్దరూ ఒకే చాటలో బియ్యం ఏరుతూ, చదివినంత మేరా మళ్లీ మొదట్నుంచి చెప్పుకునేవారట. ఒకసారి ఏమయిందంటే, అత్తకు ఒంట్లో బాగోక వరుస తప్పి, ఒక నవల నాలుగో భాగం ముందుగా కోదాడక్కకు వెళ్లింది. ఆమె రాత్రికి రాత్రే పూర్తి చేసి, మనసులో ఉంచుకోలేక, పొద్దున నల్లా దగ్గర "పిన్నిగారూ, చివరికి సరోజ ఏం చేసిందో తెలుసా అండీ..." అంటూ మొదలుపెట్టింది. అత్త బిందె కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది. "చెప్పకు! చెప్పినవంటే నీకూ నాకూ మాటల్లేవ్!" అని అరుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆమె విన్నది సరోజ పేరు వరకే. అయినా పంతం పంతమే. ఆ నాలుగో భాగాన్ని చదవకుండా ఎక్కడో విసిరేసిందట. ఆ రోజు నుంచీ సందుకొక రూలు: ముగింపు ముందే చెప్పినవాళ్లకు ఇక పుస్తకం లేదు, కిరాయివాళ్లయితే గది కూడా లేదు. భాగాలు మాత్రం తిరుగుతూనే ఉండేవి. అత్త గోడ మీద పెట్టి ఇటు తిరిగేది, కోదాడక్క ఎవరూ చూడనట్టు తీసుకునేది. చదువుతూ చదువుతూ మంచి ఘట్టం వచ్చినప్పుడు అత్త తల గోడవైపు తిరిగేది. అటు చెప్పుకునే మనిషి ఉండీ చెప్పుకోలేక మళ్లీ పేజీలోకి వంగేది. చూస్తే నాకే జాలేసేది.

నేను చేరేసరికి కొత్త నవల నడుస్తోంది. నా చేతిలో ఏ భాగమూ లేకపోవడంతో నల్లా దగ్గర నా పరువు మోటారు బురదలో కూరుకుపోయినట్టయింది. అత్తే దయ తలచింది. "మూడు భాగాలు తిరుగుతున్నయ్ పిలగా. ఆఖరి భాగమొక్కటే ఖాళీ ఉన్నది. నీ గదిల సజ్జ మీద వెట్టిన, తీస్కో. ఎనక నుంచి ముందుకు సదువుకో, ఏమైతది? కానీ ఎవలికన్న చెప్పినవనుకో, గదే రోజు గది ఖాళీ." గోడకు పైనున్న ఆ సజ్జ మీద చెయ్యి పెట్టగానే క్యాలెండరు అట్ట, దాని మీద నాలుగంకె. రెండు ఆదివారాల్లో ముగించాను. సరోజ అనే అమ్మాయి ఎందుకేడుస్తోందో, అతనెవరో, ఆ ఉత్తరమెవరిదో నాకేమీ తెలియదు గానీ, చివరికేమవుతుందో సందు మొత్తంలో నాకొక్కడికే తెలుసు. ఆ హోదా ఎలాంటిదంటే, కండక్టర్ మామ నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లేవాడు. "నువ్వు నోరు తెరవకు అల్లుడూ, నీ మొఖంల గుడ కథ కనవడ్తున్నది" అనేవాడు.

ఓనరత్తది వేరే తీరు. ఆమెకు కంట్లో శుక్లం ముదిరింది, మిర్యాలగూడ దవాఖానాలో ఆపరేషన్ అన్నారు. ఆ వారం నుంచి నా గదికి గిన్నెలు రావడం మొదలైంది. ఒకరోజు గోంగూర పప్పు, ఒకరోజు సర్వపిండి, ఇంకోరోజు కోడికూర. ఒంటరిగా ఉండేవాణ్నని జాలి అనుకుని కడుపునిండా తిన్నాను. ఆపరేషన్‌కు వెళ్లే ముందురోజు సాయంత్రం ఖాళీ గిన్నె కోసం వచ్చి, గిన్నె తీసుకోకుండా గడప మీద కూర్చుంది.

"పిలగా, ఒక్కటడుగుత. కథ చెప్పకు. పేర్లు చెప్పకు. సరోజ ఆయన్ని చేసుకుంటదా, చేసుకోదా? గంతే."

"అత్తా, రూలు..."

"రూలు వెట్టింది నేనే గద!" అని కసిరి, వెంటనే గొంతు తగ్గించింది. "కన్ను రాకుంటే ఎట్ల బిడ్డా? ఆఖరి భాగం నేనెట్ల సదువుకుంట? సగం కథ కడుపుల వెట్టుకొని కూసోవాల్నా ఇగ జిందగంత?"

ఆమె భయం నిజమైన భయం. నాకు గది గురించి ఆలోచనే రాలేదు. "చేసుకోదత్తా. ఒక్కతే వేరే ఊరికి పోయి, నౌకరి చేసుకుంట బతుకుతది" అన్నాను. అత్త కొంగు నడుముకు చెక్కుకుంది. తర్వాత "మంచి పని జేసింది" అని లేచి, తృప్తిగా గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగానే అయింది. కన్ను నిదానంగా కుదుటపడుతుందని, అప్పటిదాకా అక్షరం ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. అత్త నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుంటే, చూపు మసకబారి ఆమె చదవకముందే మామకు వెళ్లిపోయి, ఎట్టకేలకు ఆయన దగ్గర్నుంచి విడుదలైన మూడో భాగాన్ని నేను చదివి వినిపించాలి. దుకాణంలో అలవాటైన గొంతు నాది. సరోజ వెక్కి వెక్కి ఏడుస్తూ అన్న మాట నా నోట్లో పడితే, ఐదు హెచ్‌పీ పంపుకు వారంటీ చెప్పినట్టుండేది. రెండో సాయంత్రానికి గోడవతల ఓపిక నశించింది.

"అయ్యో తమ్ముడూ, ఆ పిల్ల ఏడుస్తోంది! నువ్వేంటి రేటు చెప్పినట్టు చదువుతున్నావ్? ఇలా ఇవ్వు!" కోదాడక్క గేటు తీసుకుని వచ్చేసి, నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

అత్త ముఖం పక్కకు తిప్పుకుంది. "పిలగా, ఆమెకు చెప్పు. సదివితే సదువుమను. నేనైతే పిలువలే."

"తమ్ముడూ, ఆవిడకు చెప్పు. నేను ఆవిడ కోసం రాలేదు, సరోజ కోసం వచ్చాను."

ఇద్దరి మధ్య మూరెడు దూరం లేదు, మధ్యలో నేను. అలా నా ద్వారా తిట్టుకుంటూనే మూడో భాగం పూర్తి చేశారు. అత్త "జర ఆగుమను, గాడ మల్లొక్కసారి సదువుమను" అనేది. కోదాడక్క నా అనువాదం కోసం ఆగకుండా మళ్లీ చదివేది. ఏడవాల్సిన చోట ఇద్దరూ ఏడ్చారు. (నేనూ ఏడ్చాను గానీ అది ఉల్లిగడ్డల వల్లనని అప్పట్లో చెప్పాను.)

తర్వాతి సాయంత్రం నాలుగో భాగం. సందు మొత్తానికి తెలిసిపోయి కండక్టర్ మామ కూడా స్టూలు వేసుకుని వచ్చాడు. నేను గదిలోంచి నా నాలుగో భాగం తెచ్చిచ్చాను. కోదాడక్క పేజీ తిప్పింది, రెండు వాక్యాలు చదివింది, ఆగింది. ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది.

"ఇది ఈ నవల కాదు తమ్ముడూ. ఇది పోయినసారి నవల. ఆ సరోజ వేరే, ఈ సరోజ వేరే." (ఆ కాలపు నవలల్లో సగంమంది సరోజలే, ఎవరేం చేస్తారు?)

"అది ఎట్లయితది?" అత్త నల్ల అద్దాల్లోంచే గర్జించింది. "గదే, మంచిగ సూడు! ఆఖరికి సరోజ ఆయన్ని చేసుకోక ఒక్కతే నౌకరికి పోతది, సూడు గాడ!"

అన్నాక గానీ తను ఏం బయటపెట్టిందో ఆమెకు అర్థం కాలేదు. చేత్తో నోరు కప్పుకుంది. కోదాడక్క పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. మామ స్టూలు మీద ముందుకు వంగాడు. నేను మనసులోనే నా సామాను మూట కట్టుకుంటున్నాను.

"మీకెలా తెలుసండీ?" అంది కోదాడక్క మెల్లగా. "ఆ రోజు పంపు దగ్గర నేను చెప్పబోయింది అదే కదా! చెప్పనివ్వకుండా చెవులు మూసుకున్నారు, నాతో మాటలు మానేశారు. ఇప్పుడు ఆ ముగింపునే ఈ అబ్బాయి దగ్గర అడిగి తెలుసుకున్నారా?"

"కోడికూర వెట్టి మరీ" అన్నాడు మామ. ఆయనకు వాసన మీద మంచి జ్ఞాపకశక్తి.

కోపంలో విసిరేసిన పాత నాలుగో భాగం, దాచిపెట్టిన కొత్త నాలుగో భాగం, రెండూ ఒకే సజ్జ ఎక్కాయని అప్పుడు తెలిసింది. నా చేతికి పాతది దొరికింది. అత్త కాసేపు చీర కొంగు నలిపింది. అరవలేదు, తిట్టలేదు.

"కన్ను పోతదేమోనని భయమైంది. ఏం జేయాలె మరి?"

మామ మాటకు కోదాడక్క ముఖంలోకి వచ్చిన నవ్వు ఆగిపోయింది. "నన్నడగొచ్చు కదా పిన్నిగారూ."

"నిన్నెట్ల అడుగుత? నీతోని మాట్లాడుతలేను గద!"

"ఇప్పుడు మాట్లాడుతున్నారుగా."

 నల్ల అద్దాల కింద నుంచి కన్నీళ్లు వస్తున్నాయో, నవ్వు వస్తోందో నాకు తెలియలేదు. ఆపరేషన్ చేసిన కన్ను తడపకూడదని కోదాడక్క గబగబా కొంగుతో ముఖం తుడిచింది. నేను సజ్జ ఎక్కి అసలు నాలుగో భాగం తెచ్చాను. ఆ నవలలో సరోజ బాజాబజంత్రీలతో పెళ్లి చేసుకుంది. మొత్తం విని అత్త పెదవి విరిచింది. "మొదటి సరోజనే మంచిగుండె. రాసినాయన గీడ జర తొందరపడ్డడు" అంది. కోదాడక్క కాదంది. దాని మీద ఇద్దరూ ముఖాముఖి, మధ్యలో నేను లేకుండా, హాయిగా పోట్లాడుకున్నారు. నా గది గురించి ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, మిర్యాలగూడలో సొంత మోటార్ల దుకాణం పెట్టుకున్నాను. కోదాడక్క కుటుంబం కోదాడకే వెళ్లిపోయింది. మొన్న ఆదివారం ఓనరత్తను పలకరిద్దామని ఫోను చేశాను. ఎప్పుడు చేసినా ఎంగేజే. చివరికి ఎత్తింది. యోగక్షేమాలు అడగబోతుంటే మధ్యలోనే ఆపేసింది. "పిలగా, జర ఆగి చెయ్యి. కోదాడ నుంచి నా బిడ్డ లైన్ల ఉన్నది, ఆఖరి భాగం సదువుతున్నది" అని పెట్టేసింది. ఏ నవలో, సరోజ ఉందో లేదో, అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఒకప్పుడు మాటల్లేని కోదాడక్క ఇప్పుడు బిడ్డయిందన్నమాట అనుకుని, ఫోను పక్కన పెట్టి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత, దాచుకోవడమెందుకు, వాళ్లిద్దరి మీద కాస్త అసూయ కూడా కలిగింది.