మూడు కళ్ళ కుప్పయ్య

తిరుపతి హాస్టల్లో నా గదిలోనే ఒకతను ఉండేవాడు, పుత్తూరు నుంచి వచ్చినవాడు. మా లిఖిత పత్రికకు చేతిరాత అతనిది. వారపత్రికలో ముగిసిపోయిన ఒక అంతరిక్ష సీరియల్‌ని నేను సొంతంగా పొడిగించి రాసేవాణ్ణి. అతను పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని, బుద్ధిమంతుడిలా తలూపుతూ ఎత్తి రాసేవాడు. ఆ తలూపడం చూసి మోసపోయాను.

గ్రహాంతరవాసులకు తల బద్దలు కొట్టుకుని జోరాక్, క్రిటాన్ అని నేను పేర్లు పెడితే, పత్రికలో కుప్పయ్య, పెంటమ్మ అని ఉండేవి! మూడు కళ్ళ కుప్పయ్య వెండి నౌక దిగాడని చదివి హాస్టలంతా పడీపడీ నవ్వింది.

"ఆ గ్రహంలో కుప్పయ్య ఎవడ్రా? నీకేమన్నా పిచ్చా?" అని కాగితాలు అతని ముందు విసిరికొట్టాను.

అతను నోట్లోంచి మూత తీశాడు. "పతి సంచికలో ఒకణ్ణి పుట్టిస్తావు, ఆఖర్న సంపేస్తావు. ఈడన్నా బతకనీప్పా అని పెట్టినాను."

"పేరు మారిస్తే బతుకుతాడా?"

"మా అమ్మకు నా ముందు ముగ్గురు పుట్టి పోయినారు. నేనన్నా దక్కాలని గదా నాకు ఇట్లాంటి చెత్తకుప్ప పేరు పెట్టింది?"

ఆ పేరును రెండేళ్ళుగా వెక్కిరిస్తున్నది నేనే.

ఆ మూడు కళ్ళ కుప్పయ్య చస్తే గాని నా కథ ముగియదు. ఖర్మ, ఇప్పటికీ ముగియలేదు.