బాన అడుగు కనబడకూడదు

నరసన్నపేట బజారులో సుభద్రమ్మ కొట్టును పెద్దకొట్టు అనేవారు. పక్కనే తడికె అడ్డం పెట్టి ఆమె తోటికోడలు చిన్నతల్లి నడిపేది చిన్నకొట్టు. ఒకే కప్పు, ఒకే అరుగు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు కొట్టు కూడా రెండు ముక్కలయింది. ముక్కలంటే సమానంగా అనుకోకండి. గల్లాపెట్టె దగ్గరి పీట, గోడకున్న బోర్డు, వెనక చీకటి గదిలో నడుమెత్తున నిలబడే పెద్ద మట్టి బానలు, అన్నీ పెద్దకోడలి హక్కని సుభద్రమ్మ పట్టుకుపోయింది. చిన్నతల్లికి నాలుగు చిన్న బానలు, వీధి వైపు అరుగు ముక్క మిగిలాయి. దానికే ఆ పిల్ల మారుమాట్లాడకుండా తలూపేసింది.

అంతా తన వాటాకే వచ్చాక మనిషి సుఖంగా నిద్రపోవాలి కదా! సుభద్రమ్మకి అదే కరువైంది. పొద్దున్నే పీట మీద కూర్చుంటుంది, చెవులు మాత్రం తడికె అవతలే ఉంటాయి. అక్కడ తక్కెడ చప్పుడు ఆగదు. పల్లెల నుంచి సంతకొచ్చిన ఆడవాళ్ళు ఈమె కొట్టు ముందు నుంచే నడిచి, ఈమెను పలకరించి మరీ, అవతల అరుగెక్కుతారు. ఒకొక్కరు ఎక్కుతూంటే సుభద్రమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేది.

"దాని దగ్గరేటున్నాదని? నాలుగు గింజలు లేవు," అని మొగుడు జగన్నాధంతో అనేది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న జగన్నాధం, గింజలు తక్కువున్నా అమ్ముడవుతున్నాయి కదా అన్నాడు. ఆ రాత్రి అతనికి పెరుగు పడలేదు.

సుభద్రమ్మకు అత్త లక్ష్మణమ్మ చెప్పిన వ్యాపారసూత్రం ఒక్కటే గుర్తు. బాన అడుగు కనబడకూడదు. అడుగు కనబడితే లక్ష్మి లేచిపోతుందని పెద్దావిడ పోయేదాకా అంటూనే ఉండేది. సుభద్రమ్మ ఆ మాటను కళ్ళకద్దుకుని పాటించింది. బాన నాలుగు వేళ్ళు దిగితే చాలు, కొత్త బస్తా విప్పించి పైన పోయించేది. అంచుదాకా నిండిన బానల్ని చూసుకుని మురిసిపోయేది. పైగా అవతల పెసలు అమ్ముడవుతున్నాయని తెలిస్తే ఇవతల అంతకు రెట్టింపు పెసలు దింపించేది. చింతపండు అంటే చింతపండు, ఉలవలు అంటే ఉలవలు. అవి ఎవరు కొంటారని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

చిన్నతల్లి పద్ధతి చూస్తే మాత్రం ఆమెకు నవ్వొచ్చేది. ప్రతి అమావాస్యకీ బానలు వీధిలోకి దొర్లించి, ఉన్న సరుకంతా చాపల మీద ఎండబోసి, వేపాకుతో తుడిచి, మళ్ళీ ఎత్తుకునేది. కొత్తది అడుగున, పాతది పైన. ఖాళీ గోనెలు అరుగు మీద దులుపుతుంటే సుభద్రమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించేది, అదిగో దివాలా, అని.

ఒకరోజు తడికె సందులోంచి ఇంకో విషయం కనబడింది. చిన్నతల్లి కందిపప్పు బానలోకి వంగి చూసింది. బాన లోపలి గోడకి వేలితో గీసినట్టు సున్నపు గీత ఉంది. పప్పు ఆ గీత దాకా దిగగానే, చిన్నతల్లి బండి దాలయ్యను కేకేసి పర్లాకిమిడి నుంచి సరుకు తెమ్మని పురమాయించింది. అతను రెండెడ్ల బండి కట్టుకుని వెళ్ళి వచ్చేలోపు, గీత కింద మిగిలిన పప్పుతోనే కొట్టు నడిచిపోయింది. లేదు పొమ్మన్న మాట ఒక్కరూ వినలేదు.

సుభద్రమ్మ తడికె వదిలి వెనక్కి జరిగింది. అది మామూలు గీత కాదు, మంత్రించిన గీత! ఎవరో చిల్లంగి వాడి చేత గీయించి తన బేరాలన్నీ అటు లాగేస్తోంది. ఆ వారమే తన గుమ్మానికి గుమ్మడికాయ కట్టించింది, నిమ్మకాయలు కోయించింది. తక్కెడ చప్పుడు మాత్రం అవతలే మోగింది.

ఆ ఏడు, అంటే అరవై ఎనిమిది వేసవిలో, మేష్టారు అనంతపద్మనాభం గారింట్లో పెళ్ళి కుదిరింది. సరుకంతా ఒక్కచోటే తీసుకోవడం ఆ ఇంటి అలవాటు. లక్ష్మణమ్మ నాటి నుంచి పెద్దకొట్టు దగ్గరే. ఇప్పుడు కొట్లు రెండు. పెళ్ళిసరుకు ఎటు వెళ్తే పేట మొత్తం అదే పెద్దకొట్టు అంటుంది.

మేష్టారి భార్య లక్ష్మీకామేశ్వరి ముందు చిన్నకొట్టుకే వెళ్ళింది. సుభద్రమ్మ తడికెకు చెవి ఆనించింది. అంత సరుకు చేతిలో లేదనీ, పర్లాకిమిడి బండి వచ్చాకే ఇవ్వగలననీ చిన్నతల్లి ఉన్నదున్నట్టు చెప్పింది. వెర్రిబాగుల్ది! సుభద్రమ్మ ఒక్క అంగలో వీధిలోకొచ్చి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఈపూటే పంపుతానని ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

సరుకు మోయడానికి దాలయ్యే వచ్చాడు. సుభద్రమ్మ పీట దిగలేదు. అతను చీకటి గదిలో కందిపప్పు బాన తోడుతూ తోడుతూ అడుగుకొచ్చి ఆగాడు.

"అమ్మా, అడుగుది ముక్కవాసనేస్తాంది. ఓపాలి సూడండి."

వీడు దాని బండివాడు కదా, అనుకుంది సుభద్రమ్మ. తన బేరం చెడగొట్టడానికి ఇదొక ఎత్తు. నోరుమూసుకుని గోనెలకెత్తమంది. నెల్లిమర్ల మిల్లు గోనెలు, కొత్తవి, మీద ఎర్ర దారంతో కుట్టు. బండి వీధంతా తిరిగి వెళ్ళేలా చూసింది కూడా.

మర్నాడు పొద్దున లక్ష్మీకామేశ్వరి నడిచి వచ్చింది. కొంగు ముడి విప్పి గల్లాపెట్టె మీద గుప్పెడు పప్పు పోసింది. పుచ్చు, బూజు, దాంట్లోంచి పాకుతున్న పురుగులు.

"రేపే పెళ్ళి సుభద్రమ్మా. వియ్యాలవారి విస్తట్లో ఇదా వడ్డించమంటావు?" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

సుభద్రమ్మకు తలకొట్టేసినట్టయింది. ఆవిడ తిరిగి అవతల అరుగు వైపు చూస్తోంది. ఆ చూపే భరించలేక, ఒక్క నిమిషం కూర్చోమని చెప్పి, వేరుపడ్డాక మొదటిసారి తడికె దాటింది.

చిన్నకొట్టులో ఆ తెల్లారే దింపిన బస్తాలున్నాయి. గీత తగలగానే దాలయ్యతో పర్లాకిమిడికి ముందే కబురంపిందన్నమాట, అక్కడి బండి వేళకి వచ్చేసింది. పెద్దకొట్టులో మాటలన్నీ తడికెలోంచి విన్నదే కాబట్టి, చిన్నతల్లి సుభద్రమ్మ ముఖం చూసి బస్తా మూతి విప్పింది.

"అప్పా, నీ గోనెలు అంపు. వాటిలోనే పోసి అంపుదాం. పెద్దకొట్టు పేరు అత్తది. నీదీ కాదు, నాదీ కాదు," అంది.

ఆ పిల్ల నాలుగు తిట్టి ఉంటే సుభద్రమ్మ ప్రాణం తేలికపడేది. ఇచ్చింది, పేరు కూడా వదిలేసింది! దానికి ఇంత మనసు ఎక్కడినుంచి వస్తోంది? పప్పు వెళ్ళింది, పెళ్ళి బాగా జరిగింది, పేట పెద్దకొట్టునే మెచ్చుకుంది. ఆ మెప్పు వింటుంటే సుభద్రమ్మకు అసూయ తగ్గకపోగా రెండింతలైంది.

అమావాస్య వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, వీధి తలుపు వేసేసి, ఖాళీ అయిన కందిపప్పు బాన కడగడానికి ఆమే చీకటి గదిలోకి వెళ్ళింది. దీపం దించి, తల లోపలికి పెట్టి వంగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ బానలోకి వంగడం అదే మొదలు.

లోపలి గోడ మీద సున్నపు గీత ఉంది.

పాతది. మీద మళ్ళీ మళ్ళీ వేలు తిప్పి గీసినది. కింద ముదురు పొర అత్త వేలంత వెడల్పు, పైన సన్నటివి, కొట్టు విడిపోకముందు తిప్పినవి, చిన్నతల్లివి. పక్క బానల్లో ఒక్కోదాంట్లో భుజందాకా చెయ్యి దూర్చి గోడ తడిమింది. అక్కడా ఉంది. తన బానలన్నిటిలోనూ, అన్నాళ్ళూ, తను పోయించిన సరుకు కిందే ఉంది.

అత్త దానికి ఒక్కదానికే నేర్పిందన్నమాట! కుళ్ళు గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అత్త గొంతు గుర్తొచ్చింది. చిన్నతల్లి కాపురానికొచ్చిన కొత్తల్లో, ఇదే గదిలో, ఇదే బాన పక్కన నిలబడి పిలిచింది.

"సుభద్రా, ఇలా రాయే. వంగి సూడు. నీకొకటి సూపిస్తాను."

తను అప్పుడు పీట మీద కూర్చుని ఉంది. పట్టుచీర నలుగుతుందని లేవలేదు.

"సిన్నదాన్ని సూడమనండి అత్తా," అంది.