చెరువుగట్టు నుంచి బడికి

మేం యానాదులం. కలిదిండి దగ్గర చేపల చెరువు గట్టు మీద మా పాక ఉండేది. నాన్న ఆ చెరువుకి కాపలా. మాలో పిల్లల్ని కొట్టడం తక్కువ.

ఎనిమిదో తరగతికి నన్ను ఏలూరు హాస్టల్లో చేర్చారు. దసరా సెలవులకి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనని కూర్చున్నాను.

"దాని ఇష్టం. ఉండనీ," అన్నాడు నాన్న.

పక్క పాకలో బాబాయి కొడుకు కూడా అప్పుడే బడి మానేశాడు. కొట్టైనా పంపించమని వాళ్ళ మాస్టారు చెప్పారట. బాబాయి తాడుతో కొట్టాడు. వాడు కైకలూరులో మేనమామ దగ్గరికి పారిపోయాడు.

అమ్మ కొట్టనూ లేదు, వదలనూ లేదు. వల బాగుచేస్తూనో, అన్నం పెడుతూనో, "ఎందుకెళ్ళవో చెప్పు," అని అడిగేది. చివరికి ఏడుస్తూ చెప్పాను. "లెక్కలు తెలీట్లేదమ్మా. అడిగితే అందరూ నవ్వుతున్నారు."

"అయితే నేనూ వస్తాను, పద. బడి మాత్రం మానడానికి లేదు."

స్కూల్ వరండాలో అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"మీవాళ్ళు పిల్లల్ని గారం చేసి వదిలేస్తారమ్మా. నాలుగు తగిలిస్తే దారికొస్తారు," అన్నారు లెక్కల మేడం.

"దెబ్బలకి భయపడుద్దండీ. లెక్కలెలా వస్తాయండీ? కాస్త మీరే చూడండి మేడం గారూ," అంది అమ్మ.

మేడం నావైపు తిరిగారు. "ఎక్కణ్ణుంచి తెలీట్లేదే నీకు?"

"భిన్నాల దగ్గర్నుంచండీ."

ఆవిడ నిట్టూర్చారు. "సరే, సాయంత్రం బెల్లయ్యాక ఉండు," అన్నారు. నాలాంటివాళ్ళు ఇంకొందరున్నారని ఆ సాయంత్రమే తెలిసింది.

ఆదివారం పని లేకపోతే అమ్మ బస్సెక్కి వచ్చేది. మార్కులు అడిగేది కాదు. ఈ వారం ఏది రాలేదో, ఎవర్ని అడిగానో చెప్పించుకునేది. పదో తరగతి పాసయ్యాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో టీచర్ని.

బాబాయి కొడుకు మళ్ళీ బడి మొహం చూడలేదు. చేపల మేత లారీ తోలుతున్నాడు. "మా నాన్న నా మంచికే కొట్టాడక్కా," అంటాడు. అలా అన్నప్పుడల్లా కళ్ళు పక్కకి తిప్పుకుంటాడు.

నాన్న సంగతే నాకింకా తేలదు. ఆ రోజు ఆయన మాట విని ఉండిపోయుంటే నేనూ ఆ గట్టు మీదే ఉండేదాన్ని. అయినా, మనసు విరిగి ఇంటికొచ్చిన పిల్లని ఒక్క మాటా అడక్కుండా ఉండనిచ్చినవాడు ఆయనే. ఆ నాలుగు రోజులూ నాన్న అలా ఉండనివ్వకపోతే అమ్మకి నిజం చెప్పేదాన్నేనా?