భాయ్ మీదికి నెట్టిన తప్పు

మూడు నెలలు మంచంలో ఉండి భాయ్ పోయాడని మా జూనియరు ఎస్సెమ్మెస్ పెట్టింది. అప్పుడు నేను కర్నూలు కాలేజీలో పాఠం చెబుతున్నాను. పాఠం ఆపలేదు. ఆ మూడు నెలల్లో ఒక్కసారి పోయి ఆయన్ని చూడనూ లేదు. ఇది కూడా ఇక్కడ రాయాల్సిందే.

కడపలో నేను పరిశోధన చేసిన ల్యాబుకు ఆయన అటెండరు. మీలో అక్కడ చదివినవాళ్లుంటే గుర్తుపట్టే ఉంటారు. పేరు రిజిస్టరులో ఉండేది గాని మాకందరికీ ఆయన భాయే. ఇరవై నాలుగేళ్ల దాన్ని, నన్ను మొదటి రోజు నుంచీ మేడమ్ అనేవాడు. పొద్దున రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కణాలు పెంచే ఇంక్యుబేటరు తలుపు తీసేముందు బిస్మిల్లా అనుకునేవాడు. అంత నెమ్మదైన చెయ్యి పీహెచ్‌డీలు చేసినవాళ్లలో కూడా నేను చూడలేదు. "నీళ్లు గోడెంబడి జారాల మేడమ్, నెత్తిన కుమ్మరిస్తే ఎవురు నిలబడతారు" అని, కణాలు ఊడిపోకుండా కడగడం నాకు నేర్పింది ఆయనే.

పేగు కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి ఒక ప్రోటీను కారణం. నా పని దాని మీద. ఆ ఒక్క ప్రోటీనుకే అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ తెప్పించాం. ప్లాస్టిక్ పళ్లెంలో అది పోసిన గుంతల్లో కణాలు పట్టు వదలాలి. సంబంధం లేని వేరే యాంటీబాడీ పోసిన గుంతల్లో కదలకుండా ఉండాలి. చిటికెనవేలంత సీసా కోసం ఏడాది ఎదురుచూశాం. ఐసు డబ్బాలో హైదరాబాదు బస్సులో వస్తే, ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది భాయే.

ప్రయోగం రోజు కణాలు కడిగే ద్రావణం నేను కలిపాను, దాంతో ఆయన కడిగాడు. మైక్రోస్కోపులో చూస్తే అన్ని గుంతల్లోనూ కణాలు చెల్లాచెదురు. సగం సీసా దండగ. గైడు సారు వచ్చి ఏం జరిగిందని అడిగారు. భాయ్ గట్టిగా కడిగినట్టున్నాడు సార్ అన్నాను. ఆలోచించి అనలేదు, నోటికి ముందు అదే వచ్చింది. ఆయన పక్కనే ఉన్నాడు. తన చేతులకేసి చూసుకుని, "అయ్యిండొచ్చు సార్" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన్ని కణాల గదిలోకి రానివ్వలేదు. గాజుసామాను కడిగే పనిలో పెట్టారు.

పది రోజులకు మళ్లీ ద్రావణం కలపబోతూ చూశాను. కాల్షియం క్లోరైడు డబ్బాకు సీలు కూడా తీయలేదు. కాల్షియం లేకపోతే ఆ ప్రోటీనుకు పట్టే ఉండదు. ఆ మాట నా నోట్సు మొదటి పేజీలోనే ఉంది. వేయడం మరిచింది నేను. ఈసారి వేశాను, అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. గైడు సారు అందరికీ బేకరీ నుంచి దిల్‌పసంద్ ముక్కలు తెప్పించారు. భాయ్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను లేకుంటే కుదిరిండాది సూడు మేడమ్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. డాక్టరేటు వచ్చాక చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాను. తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

మూడోరోజు కడప పోయాను. చెప్పాలనే పోయాను. చనిపోయినవాళ్ల తరఫున అందరి దగ్గరా మాఫీ అడగడం వాళ్లలో ఆనవాయితీ. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

"మీ పని శానా పెద్దదంట, ఈయన చేతిలో చెడిపాయంట. మంచంలో ఉండి గూడా అదే చెప్పుకుంటాండె. మాఫ్ చేసినానని ఒక్క మాట చెప్పు తల్లీ, ఆయనకు బరువు తగ్గుతాది" అంది.

ఇల్లంతా జనం. ఆమె రెండు చేతులూ నా చేతిమీదే ఉన్నాయి.

"చేసినానమ్మా" అన్నాను.

ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని, ల్యాబు మేడమ్ మాఫ్ చేసిందని లోపలి గదిలో వాళ్లకు వినబడేలా చెప్పింది. తర్వాత లేచి, అంతమందిలో ముందుగా నాకే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.