తాతయ్య మొలలో దోపుకున్న సన్నాయి పీక

నా చిన్నప్పుడు మా తాతయ్య సన్నాయి వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లికైనా ఆయన్నే పిలిచేవారు. ఇంట్లో పాఠం మాత్రం మా అన్నయ్యకే. నేను పక్కన కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడించాలి, అంతే. వాడు స్వరం తప్పితే నాకు తెలిసేది, వాడికి తెలిసేది కాదు. అది మరీ మంట.

ఒక మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుంటే సన్నాయి తీసి ఊదాను. దూడ అరిచినట్టు వచ్చింది. ఆయన లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పీక ఊడదీసి మొలలో దోపుకుని, "ఆడపిల్లకు పాట చెవిలో ఉంటే చాలే, నోట్లో ఎందుకు?" అన్నాడు, బుగ్గ నిమురుతూ. ముద్దుగా చెప్పిన మాట కదా, లోపలికంటా దిగింది. మూడో తరగతిలో బడి మాన్పించినప్పుడు కూడా నేను నోరెత్తలేదు.

కరోనా ఏడాది దుబాయిలో మా అమ్మాయి ఇంటికి వచ్చి చిక్కుకుపోయాను. ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఇరుకు ఫ్లాటు. కరెంటు దండగని ఏసీ ఆపేసి బాల్కనీలో కూర్చునేదాన్ని. పక్క బాల్కనీలో ఒక పెద్దాయన సాక్సఫోన్ వాయించేవాడు. కరీబియన్ దీవులవాడట. చిన్నతనంలో చర్చి బ్యాండులో మొదలుపెట్టి, వయసులో రెగే పాటల గుంపులతో తిరిగి, ఆపైన ఓడల్లో జాజ్ వాయించి, చివరికి రెండిటినీ కలిపేశాడట. రెగేవాళ్లు దొరల సంగీతమన్నారు. జాజ్‌వాళ్లు వీధి దరువన్నారు. ఇద్దరిచేతా మాటలు పడుతూనే దేశాలు తిరిగి, ఇక్కడొక హోటల్లో కుదురుకున్నాడు. హోటళ్లు మూతపడ్డాక ఆయన పాట వినేది నేనూ, మా మనవరాలూ.

ఆ పిల్ల నా దగ్గర కూర్చోవడమే మానేసింది. పొద్దస్తమానం అంకుల్ జపమే. ఒకరోజు గంతులేస్తూ వచ్చింది.

"అమ్మమ్మా, అంకుల్ నాకు నేర్పుతాడంట! పాత సాక్సఫోన్ ఇస్తాడంట. ఇదిగో, కొత్త పీక! ఎవరిది వాళ్లకే ఉండాలంట."

"ఆడపిల్లకి ఆ బాకాలేంటే? ఖలాస్! ఇలా ఇయ్యి."

వాళ్లమ్మ వంటింట్లోంచి, "రోజంతా దాన్ని చూసుకునేది నువ్వే కదమ్మా, నీ ఇష్టం" అంది. పిల్ల పీకను గుప్పిట్లో బిగించింది. నేను చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ఇంతలో బాల్కనీ అవతల నుంచి ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పిల్ల నాకు తెలుగులో చెప్పింది.

"తను స్వరం తప్పినప్పుడల్లా నువ్వు మొహం చిట్లిస్తావంట, అమ్మమ్మా. నువ్వేం వాయించేదానివని అడుగుతున్నాడు."

ఈ మాట నన్ను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు.

"ఏమీ లేదని చెప్పు. వాయించనివ్వలేదని చెప్పు."

పిల్ల చెప్పింది విని ఆయన నవ్వలేదు. తల దించుకున్నాడు. పిల్ల గుప్పిట విప్పి, "పోనీ నువ్వు ఊదు అమ్మమ్మా" అంది.

"ఎవరిది వాళ్లకే అన్నాడుగా. నీది నువ్వే ఉంచుకో. యల్లా, పో, నేర్చుకో!"

మా తాతయ్య మంచివాడే. ఆయన నేర్పింది మాత్రం దీనికి నేర్పలేదు. ఇప్పుడది ఆ పక్కింటాయనలాగే రెండు సంగీతాలూ కలిపి వాయిస్తుంది. అది ఊదిన ప్రతిసారీ నాకు, ఒకప్పుడు అన్నయ్య మీద మండినట్టే, కడుపులో మండుతుంది. మండనీ. స్వరం తప్పిందంటే మాత్రం పొయ్యి దగ్గర నుంచే కేకేస్తాను: "మళ్లీ ఊదవే, మొదట్నుంచీ!"